బావి గట్టున క్వేజార్ల ఊసు

మొన్న కంచిలి అవతల, సముద్రం వైపున్న మా అక్క ఊరు వెళ్ళాను. వాకిట్లో కొత్తగా కుళాయి బిగించారు. ఎక్కడో కొండల పక్కన నదికి కట్టిన జలాశయం నుంచి గొట్టాలు వేసి ఉద్దానం ఊళ్ళకి తెచ్చిన నీళ్ళట. అక్క స్టీలు గ్లాసు నింపి నా చేతికిచ్చి, నేను తాగుతున్నంతసేపూ నా గొంతు వైపే చూస్తూ నిలబడింది. మనిషి నీళ్ళు తాగుతుంటే అలా కనిపెట్టి చూడడం ఆ ఊళ్ళలో అందరికీ అలవాటైపోయింది, చూడకపోతే కొత్తవాళ్ళన్నమాట. బాగున్నాయన్నాను. బాగుండక ఏం, రుచీ వాసనా లేకుండా నీళ్ళలాగే ఉన్నాయి. అక్క ఆ మాటకి సంతోషించినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను పెరట్లోకి నడిచాను. బావి మీద రేకు కప్పి, ఆ రేకు ఎగిరిపోకుండా రాయి పెట్టి ఇరవై ఏళ్ళ పైమాటే అయింది. రేకు తుప్పు పట్టి అంచులు రాలిపోతున్నాయి. గట్టు మీద కూర్చుని జేబులోంచి ఫోను తీశాను. నా పాత విద్యార్థి ఒకడు ఆ వారమే పంపిన వార్త అందులో ఉంది. మూగ క్వేజార్ల నుంచి వచ్చే రేడియో తరంగాలు అసలు ఎక్కడ పుడుతున్నాయో ఇంకా తేలలేదని, శాస్త్రజ్ఞులు మళ్ళీ కొత్తగా వాదించుకుంటున్నారని దాని సారాంశం. ఈ వార్త వినాలని నిజంగా ఆశపడే మనిషి మా జిల్లా మొత్తంలో ఒక్కడే ఉండేవాడు. ఆయన మా బావ, అక్క భర్త. మేమిద్దరం క్వేజార్ల గురించి మాట్లాడుకున్నది ఈ గట్టు మీదే.

మాది హరిశ్చంద్రపురం. అక్కని ఉద్దానం ఇచ్చినప్పుడు మా ఊరు ఊరంతా దాని అదృష్టం గురించే చెప్పుకుంది. మా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఉద్దానం సంబంధం అంటే పిల్లని నీడపట్టుకి పంపినట్టే. ఎండాకాలం మా వైపు పొలాలు నోళ్ళు తెరుచుకుని పడి ఉంటే, అక్క అత్తవారి ఊళ్ళో మిట్టమధ్యాహ్నం కూడా కొబ్బరి తోటలో నులకమంచం వేసుకుని దుప్పటి కప్పుకునేవాళ్ళు. జీడిమామిడి పూత వాసన, దానికి తోడు సముద్రపు గాలి. అక్కడికి వెళ్ళివచ్చిన చుట్టాలు పది రోజుల పాటు మా అమ్మకి ఆ భోగం వర్ణించి చెప్పేవాళ్ళు. అమ్మ వింటూ కళ్ళొత్తుకునేది, సంతోషంతోనే.

నేను పలాసలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. జీడిగింజలు కాల్చే పొగ క్లాసు గదిలోకి వచ్చి, వెనక బెంచీల వాళ్ళు దగ్గుతూ ఉంటే నల్లబల్ల మీద న్యూటన్ సూత్రాలు రాసేవాణ్ణి. అలా ఏళ్ళు గడిచిపోతున్నాయన్న దిగులు పుట్టి, ఒరిస్సా మీద పెద్ద తుఫాను పడడానికి ముందు సంవత్సరం కాబోలు, విశాఖలో ఒక ప్రొఫెసరు గారి దగ్గర పార్టుటైము పరిశోధనకి చేరాను. జుట్టు నెరుస్తున్న వయసులో ఇదేం సరదా అని స్టాఫు రూములో నవ్వారు. ఆయన నాకు అప్పగించిన విషయం మూగ క్వేజార్లు. రేడియో టెలిస్కోపు ఎలా ఉంటుందో నేను ఫోటోల్లో తప్ప చూసి ఎరగను. ఎవరెవరో ఏ ఏ దేశాల్లోనో పెద్ద గిన్నెల్ని ఆకాశం వైపు తిప్పి పట్టుకున్న కొలతలు, జిరాక్సు కాగితాలై నా చేతిసంచిలోకి వచ్చేవి. పలాసలో కరెంటు ఉన్నప్పుడు వాటిని ముందేసుకుని లెక్కలు కట్టుకునేవాణ్ణి.

క్వేజారంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పనివ్వండి. పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, ఆ చాపల్యం ఒక పట్టాన పోదు. మామూలు టెలిస్కోపులోంచి చూస్తే అది చిన్న నక్షత్రంలాగే కనిపిస్తుంది. నిజానికి అది నక్షత్రం కాదు, ఎంతో దూరాన ఉన్న ఒక పెద్ద గెలాక్సీ నడిబొడ్డు. ఎంత దూరమంటే, ఇవాళ మన కంటికి చేరిన దాని వెలుగు చాలావాటి విషయంలో ఈ భూమి పుట్టకముందే బయల్దేరి ఉంటుంది. ఆ నడిబొడ్డులో ఒక మహా కృష్ణబిలం కూర్చుని చుట్టూ ఉన్న వాయువునంతా లోపలికి లాక్కుంటూ ఉంటుంది. లోపల పడేముందు ఆ వాయువు గిర్రున తిరుగుతూ కాగి వెలిగిపోతుంది. మనకి కనిపించే వెలుగు అదే.

రేడియో తరంగాల కథ వేరు. కొన్ని క్వేజార్లలో ఆ కృష్ణబిలం పక్కనుంచి అటొకటీ ఇటొకటీ రెండు ధారలు చిమ్ముకొస్తాయి. ఇంచుమించు కాంతి వేగంతో గెలాక్సీ పొలిమేర దాటిపోయి, ఎంతో దూరాన రెండు పెద్ద బుడగల్లా ఉబ్బుతాయి. ఆ బుడగల్లో ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల చుట్టూ మెలికలు తిరుగుతూ రేడియో తరంగాల్ని వెదజల్లుతాయి. అంటే వెలుగు మధ్యలో ఉంటుంది, రేడియో తరంగాలు మాత్రం చాలామటుకు కంటికి ఏమీ కనిపించని ఆ చివరల నుంచి వస్తాయి. అయితే ఇలా గట్టిగా పలికేవి పదింటిలో ఒకటి. మిగతావి మూగవి. బొత్తిగా మూగవి కావు, సన్నగా గొణుగుతూ ఉంటాయి. ఆ గొణుగుడు ఎక్కడ నుంచి? బయటికి పోలేక గొంతులోనే నలిగిపోయిన చిన్న ధారల నుంచని కొందరు, ఆ గెలాక్సీలో పేలిపోతున్న నక్షత్రాల నుంచని కొందరు, కృష్ణబిలం చుట్టూ లేచే గాలి దుమారం నుంచని ఇంకొందరు. అది తేల్చడంలో ఉడతా భక్తిగా ఏదైనా చెయ్యమని ప్రొఫెసరు గారు నన్ను కూర్చోబెట్టారు.

ఇంట్లో నా భార్యకి గాని, కాలేజీలో తోటివాళ్ళకి గాని ఈ గొడవ పట్టేది కాదు. పట్టినవాడు మా బావ ఒక్కడే. పదో తరగతితో చదువు ఆపేసి కొబ్బరి తోటా జీడితోటా చూసుకుంటున్న మనిషి. పొడగరి, నవ్వితే గొంతు బొంగురుగా పలికేది. ఆదివారం ఆదివారం నేను బస్సు దిగి ఇసక దారిలో నడిచి వచ్చేసరికి గట్టు మీద రెండు బొండాలు కొట్టి సిద్ధంగా ఉంచేవాడు. మా వైపు బావా బావమరుదులు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, ఎవరు ఎవరికి పెద్దన్న పేచీ లేదు. నన్ను చూడగానే ఆయన అడిగే మాట ఎప్పుడూ ఒకటే.

"ఏటి బావా, ఈ వారమేనా తెలిసిందేటి?"

తెలియలేదనేవాణ్ణి. తెల్దని సెప్పినా జీతం ఇత్తారు మీకు, మాకలగ కుదర్దు అని పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే వెళ్ళేవాణ్ణేమో కూడా. ఒకసారి గట్టిగా పలికే క్వేజారు ఒకదాని రేడియో పటం జిరాక్సు చూపించాను. మధ్యలో చుక్క, అటూ ఇటూ గుండ్రంగా గీతలు చుట్టుకున్న రెండు ముద్దలు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కావిడి కాదేటి బావా ఇది, మోసేవోడు మద్దిలున్నాడు, బరువంతా సివర్లనుంది అన్నాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా క్లాసులో క్వేజారు బొమ్మ వేసినప్పుడల్లా కావిడి అనే చెప్పాను. మూగవాటి సంగతి చెప్పి, ఆ గొణుగుడు ఒక్క చోటు నుంచి కాక అన్ని చోట్ల నుంచీ కాస్త కాస్త వస్తూ ఉండవచ్చని ప్రొఫెసరు గారి అభిప్రాయం అన్నప్పుడు మాత్రం ఆయనకి నచ్చలేదు.

"అన్నీనంటే ఏటీ తెల్దనే కదా బావా," అన్నాడు.

ఆయనకి ఆ పట్టుదల ఎక్కడ నుంచి వచ్చిందో చెప్తాను. బావకి తోలు తొడుగున్న పాత ట్రాన్సిస్టరు ఒకటి ఉండేది. జీడికొమ్మకి తగిలించుకుని పని చేసుకునేవాడు. ఒక ఏడు దాంట్లో బరబరమని ఒకటే చప్పుడు, పాట సగంలో ఉండగా మొదలై కాసేపటికి ఆగిపోయేది. సెట్టు పాడయిందని అందరం అన్నాం. ఆయన ఒప్పుకోలేదు. ట్రాన్సిస్టరుని పక్కకి తిప్పుతూ పోతే ఒక వాటంలో చప్పుడు సన్నబడుతుందని, ఆ వాటాన్ని బట్టి అది ఏ దిక్కు నుంచి వస్తోందో పోల్చుకోవచ్చని నేను చెప్పాను. అంతే, పని మానుకుని దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని తోటలన్నీ తిరిగాడు. పక్కవాళ్ళ మోటార్లు అనుమానించాడు, కరెంటు స్తంభాలు అనుమానించాడు. చివరికి ఈ బావి పక్కనే గోడకున్న తన మోటారు స్టార్టరు పెట్టెలో వదులుగా ఉన్న తీగ దగ్గర దొరికింది. ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ మోటార్లన్నీ తిట్టీసి, ఆకరికి మన బావికాడే దొరికిందని. వెతికితే దొరకనిది ఉండదన్న నమ్మకం ఆయనకి అక్కడ కుదిరింది. పరిశోధన చేస్తున్న నాకే అంత నమ్మకం లేదు.

అప్పటికే ఊళ్ళో మనుషులు పోతున్నారు. ముందు నుంచీ పోతూనే ఉన్నారు గాని, దానికి పేరు లేదు. కాళ్ళు పొంగేవి, అన్నం సయించేది కాదు, వాంతులు. కామెర్లన్నారు, గాలి సోకిందన్నారు. బావ తండ్రి అలాగే పోయాడు. తర్వాత బావ అన్నగారు, జుట్టు ఇంకా నల్లగా ఉండగానే పోయాడు. రెండువేల సంవత్సరం దాటాక పట్నాల్లో రక్తపరీక్షలు చేయించుకుని రావడం మొదలయ్యాక అది కిడ్నీ జబ్బని తెలిసింది. కిడ్నీలు దెబ్బతిన్నకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ అన్న మాట కొబ్బరికాయ ధర లాగ ఊళ్ళో అందరి నోళ్ళలోనూ నలిగిపోయింది. పేరు తెలిసింది, ఎందుకొస్తుందో తెలియలేదు. తాగుడు లేనివాడికీ వచ్చింది, షుగరు లేనివాడికీ వచ్చింది.

బావని పలాసలో పరీక్షకి నేనే తీసుకువెళ్ళాను. ఆయనకీ వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఇంటికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, నా మేనకోడలు, ఎనిమిదో తరగతి చదువుతోంది. అది స్కూలు నుంచి వచ్చి, సంచి పక్కన పడేసి, చేదతో నీళ్ళు తోడుకుని దోసిలితో గటగటా తాగి లోపలికి వెళ్ళింది. బావ దాన్నే చూస్తున్నాడు. "నాకొచ్చింది వచ్చింది. ఎక్కడ నుంచొచ్చిందో తెలిత్తే పిల్లకి రాకండా సూసుకుంతాను బావా," అన్నాడు. అప్పటినుంచి ఆయన బతుకంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నిలిచింది.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. జీడిపూతకి కొట్టే మందులన్నారు, నొప్పుల మాత్రలన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడమన్నారు, భావనపాడు నుంచి వచ్చే ఎండుచేపల్లో ఉప్పు అన్నారు. బావ అన్నీ విన్నాడు. కాని ఆయనకి ట్రాన్సిస్టరు నేర్పిన పాఠం ఒకటి ఉంది కదా, చప్పుడు మన బావి దగ్గరే దొరికిందని. బావి మీద రేకు కప్పించి రాయి పెట్టాడు. పిల్లని తీసుకొచ్చి పలాసలో మా ఇంట్లో దింపి, ఇక్కడే చదివించు, సెలవులకి కూడా పంపొద్దన్నాడు. అక్క నెల రోజులు ఏడ్చింది. ఆయన కరగలేదు.

తాగడానికి నీళ్ళు, జబ్బు తక్కువగా ఉందనుకున్న ఒక దూరపు ఊరి నుంచి కావిడితో మోసుకొచ్చేవాడు. సైకిలుకి డబ్బాలు కట్టుకునే రోజులవి, కాని ఆ ఇసకలో చక్రం దిగబడిపోతుంది. అటకెక్కిన తాతల నాటి కావిడిబద్ద దింపాడు. ఒక ఆదివారం తోట మలుపులో ఆయన ఎదురొచ్చాడు, రెండు బిందెలు చివర్లలో ఊగుతున్నాయి, మధ్యలో మనిషి ఎముకల గూడులా సన్నబడి ఉన్నాడు. నా సంచిలో ఉన్న పటం గుర్తొచ్చి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కావిడి నేను అందుకుంటానంటే, నీకు నడక కుదరదు, ఒలకబోత్తావని నవ్వాడు.

కొన్నాళ్ళకి ఆ ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురు పడ్డారు. బావ కావిడిబద్దని గోడకి ఆనించేసి, ఇక నేలలోంచి తోడిన నీళ్ళు ఏవీ తాగనన్నాడు. మరేం తాగుతావని అడిగితే తలెత్తి చెట్ల వైపు చూపించాడు. "సెట్టు కన్నా మంచి ఫిల్టరేటుంతాది బావా? అంతెత్తుకి వడగట్టి అందిత్తంది," అన్నాడు. కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. బొండం నీళ్ళు చలవ అని, రోగికి అంతకన్నా మంచిది లేదని పుట్టినప్పటి నుంచి వింటున్నాం. నేను కూడా ఆ తర్కానికి ముచ్చటపడ్డాను. మీకు తెలుసు కదా, పట్నాల్లో రోగిని చూడ్డానికి వెళ్తే బిస్కట్ల పొట్లం పట్టుకెళ్తారు, ఉద్దానంలో బొండాల గెల దింపించి భుజాన వేసుకుని వస్తారు. బావని చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన బొండాలు వసారా అంతా నిండిపోయేవి. అక్క కొట్టి ఇచ్చేది, ఆయన తాగేవాడు. ఎవరి ప్రేమలోనూ లోపం లేదు.

కాళ్ళు లేవక, చెయ్యి పైకెత్తలేక, గుండె తడబడుతోందని ఆయనే చెప్పుకునే పరిస్థితి వచ్చాక అక్కా నేనూ పలాసలో రైలెక్కించి విశాఖ తీసుకువెళ్ళాం. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపికగా అన్నీ అడిగింది. రక్తపరీక్ష కాగితం చూసి ముఖం మారిపోయింది. ఈయన రోజూ ఏం తాగుతారని అడిగింది. అక్క గర్వంగానే చెప్పింది, చెడ్డ నీళ్ళు ఒక్క చుక్క ముట్టనివ్వడం లేదని, పొద్దున లేచింది మొదలు అన్నీ తోట బొండాలేనని. డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. కిడ్నీలు బాగున్నవాళ్ళకి అది అమృతమేనని, ఇలాంటివాళ్ళకి మాత్రం అందులో ఉండే పొటాషియం బయటికి పోయే దారి లేక రక్తంలో పేరుకుని గుండెనే ఆపేస్తుందని మెల్లగా చెప్పింది. అక్క ఆ మాట అర్థమయ్యీ అర్థం కానట్టు నా ముఖం చూసింది. పొటాషియమంటే ఏటి బావా అని ఆయన నన్నడిగాడు. పొటాష్‌లో ఉండేదేనన్నాను.

కొబ్బరి రైతుకి ఆ మాట చెప్పనక్కరలేదు. ప్రతి ఏడూ తొలకరికి చెట్టు చెట్టుకీ మొదట్లో పాదు తవ్వి, యూరియాతో పాటు గుప్పిళ్ళతో పొటాష్ వేసి మన్ను కప్పుతారు. అది వేస్తేనే కాయ నిండుతుంది.

"తొలకరికి సెట్టు మొదల్లో నాను ఏసే పొటాసేనా?"

అదే అన్నాను. బావ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ బొంగురు నవ్వుకి గదిలో ఉన్న నర్సు వెనక్కి తిరిగి చూసింది. ఒక్కటైనా దొరికింది బావా ఎక్కడ నుంచొత్తందో, నా సేత్తోనే ఏసినాను అన్నాడు. నువ్వు వెయ్యకపోయినా బొండంలో అది ఉంటుందని, అసలు జబ్బుకి కారణం అది కాదని, అది ఇంకెక్కడో ఉందని నేను గబగబా పాఠంలాగ చెప్పుకుపోయాను. అదంతా ఆయనకీ తెలుసు. ఎన్నో చోట్ల వెతికి ఎక్కడా ఏమీ దొరకనివాడికి ఇదొక్కటి దొరికింది, అంతే. అక్క మాత్రం తన రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. ఆ బొండాలన్నీ కొట్టి ఇచ్చిన చేతులవి.

ఆ తర్వాత కొన్ని నెలలు రక్తం శుభ్రం చేయించుకోవడానికి విశాఖ తిరిగాం. వారానికి రెండుసార్లు రైలు. నాలుగు నెలల్లోనే ఆయన మనిషి కాకుండా పోయాడు. చివరి ఆదివారాల్లో ఒకనాడు, పెరట్లోకి ఎత్తుకొచ్చి కూర్చోబెట్టమంటే ఈ గట్టు మీద దిండు ఆనించి కూర్చోబెట్టాను. కొలిచి ఇచ్చిన గ్లాసుడు నీళ్ళు గుటక గుటకగా తాగాడు. క్వేజార్ల సంగతి ఆరోజు అడగలేదు. నేనే ఎత్తాను, ఏదో ఒకటి మాట్లాడాలని. చెయ్యి అడ్డం పెట్టి, "సుక్కల సంగతి తేలకపోయినా ఎవుడూ సావడు బావా. ఇది మాత్రం ఏ రోజేనా తేలితే, ఒక ఆదివారం వొచ్చి ఈ గట్టు మీద సెప్పీసి పో," అన్నాడు. సరేనన్నాను. ఆ చలికాలం దాటలేదు ఆయన.

నా సిద్ధాంత గ్రంథం మరి కొన్నేళ్ళకి పూర్తయింది. ఆఖరి అధ్యాయంలో నేను రాసింది ఏమిటంటే, మూగ క్వేజార్ల రేడియో తరంగాలకి ఒకే మూలం చూపించలేమని, అన్నీ కొద్దికొద్దిగా కలిసి ఉండవచ్చని. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు చాలా నిగ్రహంగా రాశారని మెచ్చుకున్నాడు. పట్టా చేతికొచ్చిన రోజున నాకు, అన్నీనంటే ఏటీ తెల్దనే కదా అన్న బావ మాటే వినబడింది. ఇంటికి వచ్చి ఆ గ్రంథాన్ని బీరువా పైన పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఉద్దానానికీ పరిశోధకులు వచ్చారు. జీపుల్లో వచ్చి రక్తం, మూత్రం, బావి నీళ్ళు, మట్టి, బియ్యం, ఎండుచేపలు, అన్నీ సీసాల్లో సంచుల్లో నింపి చీటీలు అంటించి పట్టుకెళ్ళారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మంచివాళ్ళే, ఎండలో కష్టపడ్డారు. ఒక్క కారణమని చెప్పలేమనీ, అనేకం కలిసి చేస్తున్నాయేమోననీ వాళ్ళూ అంటున్నారట. ఆ మాట పేపర్లో చదివి, బావ ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు గనక పేపరు మడిచి పక్కన పెట్టాను. ఈలోగా ఉద్దానం సంబంధమంటే పిల్లనిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గే రోజులు వచ్చాయి. మా అమ్మ అదృష్టమని కళ్ళొత్తుకున్న ఊరే అది. రోగి ఇంటికి బొండాల గెలతో వెళ్ళే అలవాటు ఎవరూ చాటించకుండానే పోయింది. అక్క చెట్లు నరికించలేదు గాని, ఆ ఇంట్లో మళ్ళీ బొండం కొట్టలేదు. కాయలన్నీ ముదరనిచ్చి ఎండుకొబ్బరి కురిడీలకి అమ్మేస్తుంది.

ఇదంతా తలుచుకుంటూ మొన్న గట్టు మీద కూర్చుని ఉండగా అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. బావ ఉన్నన్నాళ్ళూ అది ఆ గట్టు మీద కూర్చోగా నేను చూడలేదు. వాకిట్లో కుళాయి కింద బకెట్టు నిండుతున్న చప్పుడు వినబడుతోంది. పిల్లకి ఈ ఏడు క్రియాటినిన్ కూసింత పెరిగిందట తమ్ముడూ అంది. నా మేనకోడలు ఇప్పుడు టెక్కలిలో టీచరు. ఎనిమిదో తరగతిలో మా ఇంటికి వచ్చాక ఆ బావి నీళ్ళు మళ్ళీ ముట్టలేదు. మా ఇంట్లో పెరిగింది, నేను తాగిన నీళ్ళే తాగింది, నాకు ఏమీ లేదు. చిన్నప్పుడెప్పుడో దోసిలితో తాగిన నీళ్ళు, క్వేజారు వెలుగులాగ అప్పుడు బయల్దేరి ఇప్పుడు చేరాయా? లేక అసలు నీళ్ళే కాదా? నీళ్ళు కాకపోతే తండ్రి దాన్ని ఇంటికి దూరం చేసి, తను చివరి రోజుల్లో కళ్ళారా చూసుకోకుండా పోయింది దేనికోసం?

అక్క నా చదువు గురించి, క్వేజార్ల గురించి పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి అడిగిన మనిషి కాదు. ఆరోజు అడిగింది. నువ్వు పెద్ద చదువు చదివినావు, ఇదెక్కడ నుంచొత్తందో నీకేటైనా తెలిసిందా తమ్ముడూ అని.

తెలియదన్న మాట నేను జీవితమంతా చెప్పాను. క్లాసులో చెప్పాను, ప్రొఫెసరు గారికి చెప్పాను, పరీక్షకుల ముందు నిటారుగా నిలబడి చెప్పాను. అది చెప్పగలగడమే సైన్సు అని పిల్లలకి గొప్పగా బోధించాను కూడా. అక్కడ, ఆ రేకు పక్కన, అక్క ముందు ఆ మాట నా నోటంట రాలేదు. ఎంతో సేపటికి తెల్దక్కా అన్నాను. అక్క తలూపి, బకెట్టు నిండి పొర్లిపోతోందని లేచి వెళ్ళి కుళాయి కట్టేసింది. తెల్దని సెప్పినా జీతం ఇత్తారు మీకు అని నవ్వే మనిషి ఎదురుగా ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎంత తేలిగ్గా అనేసేవాణ్ణో.